మూడూ నాలుగూ ఏడే

నల్గొండ బత్తాయి మార్కెట్ల
తెల్లారగట్ల నాలుగున్నరకు
కాంటా మీది బల్బొక్కటే సక్కగ వెలుగుతది.
దాని కిందనే మా క్లాసు.

నేను తూకం చిట్టీలు రాస్త.
ఎల్లేశు బస్తా దించి, ఊపిరి తీసుకోకముందే అడుగుతడు:
"విటమిన్ సి రసాయన నామం?"
"ఆస్కార్బిక్ ఆమ్లం."
"లోపిస్తే?"
"స్కర్వీ. చిగుళ్లల్లకెళ్లి రక్తం."
నలభై రెండు కిలోలు. ఇంకో బస్తా.
గీ ఒక్క ప్రశ్నకు జవాబు
లారీలకు లారీలు ఢిల్లీ పోతనే ఉంటది.

మా బిట్టుబ్యాంకుకు అట్ట లేదు,
మొదటి పద్నాలుగు పేజీలు లేవు.
పాత పుస్తకాల ఖాజన్న సగం ధరకే ఇచ్చిండు.
గందుకే మాకు కాంతి పాఠం రాదు.
ధ్వని నుంచి మొదలువెడుతం.

ఎల్లేశుకు కోడింగ్, డీకోడింగ్ అంటే నీళ్లు తాగినట్టే.
రక్తసంబంధాలే తేలవు.
సొంత చిన్నాయినతోటి ఎకరంన్నర మీద కేసు నడుస్తున్నది.
"ఇతని తండ్రి నా తండ్రికి ఒక్కగానొక్క తమ్ముడు"
అని చదవంగనే వాయిదా యాదికొస్తది,
పెన్ను ఆగిపోతది.

నాకు దిక్కులు తేలవు.
ఆ లెక్కల్ల ఒక మనిషుంటడు, పేరుండదు.
"ఒక వ్యక్తి" ఇంటి నుంచి ఉత్తరానికి మూడు కిలోమీటర్లు నడుస్తడు,
కుడికి మళ్లి నాలుగు.
ఎందుకు పోయిండో, ఎండల పోయిండో, ఏమన్న తిన్నడో రాయరు.
ఇప్పుడు ఇంటికి ఎంత దూరంల ఉన్నడు? గంతే కావాలె వాళ్లకు.
"అయిదు" అంటడు ఎల్లేశు, బస్తా భుజం మీదుండంగనే.

నాకు ఆలస్యమైతది.
ఆ ఒక వ్యక్తి మా నాయినమ్మ సోమక్క లెక్క కనిపిస్తది.
మర్రిగూడ దిక్కు మా ఊరు.
ఇంటి బోరుల నీళ్లు చేదు, తీపినీళ్ల బాయి శానా దూరం.
బీడుకు అడ్డంపడి పోతే అయిదే,
గనీ బీడు పట్టాదారుది, అడుగు పెట్టనియ్యడు.
పైథాగరస్‌కు పట్టాదారు తెల్వడు.
మా నాయినమ్మకు మూడూ నాలుగూ ఏడే.
నెత్తి మీద బిందెతోటి మళ్ల ఏడు.

బాయి ఎండినంక బోరు నీళ్లే తాగింది,
ఇరవై ఏండ్లు.
ఇప్పుడామెకు మెడ తిరగదు.
కుడికి చూడాల్నంటే మనిషే కుడికి మళ్లాలె.

జనరల్ సైన్సు, అరవై ఒకటో పేజీ.
ఎల్లేశు ఒక ప్రశ్న దాటేసిండు.
రెండు రోజుల సంది దాటేస్తుండు, నేను చూస్తనే ఉన్న.
నవ్వొస్తే చున్నీ అడ్డం పెట్టుకునుడు నాకు అలవాటు.
పండ్ల మీద పసుపుపచ్చ చారలు,
అవి వాని కంట్ల పడుతయని వానికే భయం.
"అడుగు" అన్న.
వాడు గొంతు తగ్గించి చదివిండు:
"నల్గొండ పద్ధతి ద్వారా నీటి నుండి దేనిని తొలగిస్తారు?"
"ఫ్లోరైడ్."
"వాడే పదార్థాలు?"
"పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్."
చెప్పినంక ఇద్దరం కొద్దిసేపు
బత్తాయిల దిక్కే చూసినం.

ఆ వారం ఇంటికి పోయి చెప్పిన,
మన నల్గొండ పేరు మీద పరీక్షల ఒక ప్రశ్నుంది నాయినమ్మా, అని.
ఆమె మెల్లగ మనిషంత నా దిక్కు మళ్లింది.
"ఎన్ని మార్కులు బిడ్డా?"
"ఒకటి."
"ఒక్కటేనా?"
అని, కూసున్న కాడికెళ్లి లేవబోయి,
లేవలేక, మళ్ల కూసున్నది.

ఆదివారం పరీక్ష. సెంటరు పాలమూరుల పడ్డది,
తొలి బస్సుకే పోవాలె.
హాల్ టికెట్ ఎనుక సూచనలున్నయి:
వృత్తాన్ని పూర్తిగా నింపవలెను,
గీత దాటి బయటకు పోరాదు.
ఎల్లేశు ఖాళీ చిట్టీల మీద సున్నలు గీసి
నింపుడు ప్రాక్టీసు చేస్తుండు, చెయ్యి వణుకుతది వానికి.
నాకు వణకదు.
అంచు దాక నింపి
ఒక్క చుక్క బయట పడకుంట తెచ్చుడు
మా ఇంట్ల ఆడోళ్లకు
ఎవలూ నేర్పాల్సిన పనిలేదు.